రెండు సూదులు, నూరు మాత్రలు

2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సాధించిన ఒక ఘనతను ఎవరూ పండగ చేసుకోలేదు. పురిటిబిడ్డల ధనుర్వాతాన్ని నిర్మూలించినట్టు దేశంలో అందరికంటే ముందు నిర్ధారణ అయింది ఈ రాష్ట్రంలోనే. ప్రతి జిల్లాలోనూ ఆ జబ్బు వెయ్యి జననాలకు ఒకటి కంటే తక్కువకు దిగిపోయిందని దాని అర్థం. దేశం మొత్తం ఆ గీత దాటడానికి 2015 దాకా పట్టింది. ఇదే నేలమీద, ఇదే నర్సమ్మలు, ఇదే గర్భిణులకు అర్ధ శతాబ్దంగా ఇస్తున్న ఇనుము మాత్రల సంగతి చూస్తే కథ తిరగబడుతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రలోనూ తెలంగాణలోనూ గర్భిణుల్లో సగం మందికి పైగా రక్తహీనత ఉన్నట్టు తేలింది. ఒకే చేతితో ఇచ్చిన రెండు మందుల్లో ధనుర్వాతం సూది గెలిచి ఇనుము మాత్ర ఎందుకు ఓడింది? గర్భిణికి చేసే సేవలో సూది, మాత్ర, మంచం ఎంత ముఖ్యమో ఆమెతో కూర్చుని చెప్పే మాట కూడా అంతే ముఖ్యమని, మన ఏర్పాట్లన్నీ ఆ మాటనే చివరికి నెట్టాయని ఈ వ్యాసం వాదన. అందుకు సాక్ష్యం మన ప్రాంతపు పురుళ్ల చరిత్రలోనే ఉంది.

పాతకాలంలో చూలాలిని ఎవరూ పట్టించుకోలేదనుకోవడం పొరపాటు. చరక సంహిత నెలనెలకూ గర్భిణి ఏం తినాలో, ఏది మానాలో వరసగా చెప్పింది. సీమంతం షోడశ సంస్కారాల్లో ఒకటి. తొలికాన్పుకు కూతుర్ని పుట్టింటికి తీసుకురావడం ఇప్పటికీ నడుస్తున్న ఆచారం. అత్తింటి చాకిరీ నుంచి రెండు మూడు నెలలు తప్పించి, అడిగింది వండిపెట్టే ఏర్పాటు అది. అదే సమాజంలో, ఎక్కువ తింటే బిడ్డ పెద్దదై కాన్పు కష్టమవుతుందని చివరి నెలల్లో ముద్ద తగ్గించే అలవాటూ ఉంది. బొప్పాయి వేడి, అది చలువ, ఇది వాతం అంటూ పళ్లెంలోంచి ఒక్కొక్కటే తీసేసే పథ్యాలూ ఉన్నాయి. ఇక మంత్రసాని విషయానికొస్తే, ఆమెకు కబురు వెళ్లేది నొప్పులు మొదలయ్యాకే. వచ్చి, చేతి అనుభవంతో పురుడుపోసి, మాయ పడిందో లేదో చూసి, ఇంట్లో ఉన్న కొడవలితోనో కత్తితోనో బొడ్డు కోసి, కోసినచోట పసుపో బూడిదో అద్ది, చీర, బియ్యం, కాసిని డబ్బులు తీసుకుని వెళ్లేది. చాలాచోట్ల ఆమెది అంటరాని కులం. ఆమె చేతిలో బిడ్డను పెట్టిన ఇల్లే మర్నాటి నుంచి ఆమెను గడప దాటనిచ్చేది కాదు. అలాంటి మనిషి అంతకు ముందటి తొమ్మిది నెలల్లో ఇంట్లోకి వచ్చి, నీ కాళ్లు ఎందుకు వాచాయమ్మా అని అడిగే వీలే లేదు. ఆ తొమ్మిది నెలల మీద పెత్తనం అత్తది, అమ్మది, పంచాంగానిది.

ఇంగ్లీషు వైద్యం వచ్చి ఈ పద్ధతిని మార్చిందా అంటే, మొదటి నూరేళ్లూ అదీ కాన్పు చుట్టూనే తిరిగింది. మద్రాసులో ప్రసూతి ఆసుపత్రి 1844లో తెరిచారు. ఎగ్మూరు ఆసుపత్రిగా తర్వాతి తరాల తెలుగువాళ్లకు తెలిసింది అదే. మద్రాసు సర్కారు వైద్యాధికారి ఎడ్వర్డ్ బాల్‌ఫోర్ ఒక ఇంగ్లీషు ప్రసూతి గ్రంథాన్ని హిందుస్తానీలోకి తాను అనువదించి, తమిళం, తెలుగు, కన్నడ అనువాదాలను సొంత ఖర్చుతో అచ్చు వేయించాడు. పురుడు గురించి ఆధునిక వైద్యం తెలుగులో మాట్లాడిన తొలి ప్రయత్నాల్లో అదొకటి. మద్రాసు వైద్య కళాశాలలో 1875లో ఆడవాళ్లకు చోటు దొరకడం వెనకా ఆయన చెయ్యి ఉంది. మనసు మంచిదే. కాని ఆ పుస్తకం చదవగలిగిన ఆడవాళ్లు ఎంతమంది? పురుళ్లు పోసేవాళ్లకు అక్షరం రాదు, అక్షరం వచ్చినవాళ్లు పురుళ్లు పోయరు. 1885లో స్త్రీల వైద్యం కోసం డఫరిన్ నిధి పుట్టింది. 1883లో గుంటూరుకు వచ్చిన అమెరికన్ లూథరన్ వైద్యురాలు అనా కుగ్లర్ 1898లో అక్కడ ఆసుపత్రి తెరిచింది. అది ఈనాటికీ ఆమె పేరుమీదే ఉంది. పరదా వదలని స్త్రీల కోసం ఘోషాసుపత్రులు వెలిశాయి. 1903లో వైస్రాయి కర్జన్ భార్య మంత్రసానుల శిక్షణకు విక్టోరియా స్మారక నిధి పెట్టించింది. వీటన్నిటిలో కాన్పు శుభ్రంగా, క్షేమంగా జరగాలన్న పట్టుదల ఉంది. కాన్పుకు ముందు ఏం జరుగుతోందన్న ప్రశ్న మాత్రం దాదాపు లేదు. పైగా ఆనాటి నివేదికల నిండా మంత్రసాని మురికి, తల్లి మూర్ఖత్వం అన్న ఏకరువే. నేర్పేవాళ్ల గొంతులో ఆ చీత్కారం ఉన్నప్పుడు నేర్చుకునేవాళ్లు ఎందుకు వింటారు?

నిజానికి ఆ ప్రశ్న ఐరోపాలోనూ ఆలస్యంగానే పుట్టింది. మనవాళ్లు గుర్రపువాతం అనే జబ్బు, అంటే గర్భిణికి ఫిట్లు రావడం, దేవుడి కోపమో దయ్యమో అనుకున్న రోజుల్లోనే, 1843లో లండన్ వైద్యుడు జాన్ లీవర్ అలాంటి స్త్రీల మూత్రంలో ఆల్బుమిన్ పడుతోందని కనిపెట్టాడు. జబ్బు రాబోతోందని ముందే చెప్పే గుర్తు దొరికినట్టే. రక్తపోటు కొలిచే పట్టీ 1896లో వచ్చాక ఆ గుర్తుకు ఇంకో గుర్తు తోడైంది. 1901లో ఎడిన్‌బరో వైద్యుడు బ్యాలంటైన్, జబ్బుపడ్డ గర్భిణులకు కాన్పుకు ముందే ఆసుపత్రిలో మంచాలు ఉండాలని వాదించాడు. 1929లో బ్రిటన్ ఆరోగ్య శాఖ ఏయే వారాల్లో పరీక్ష చేయాలో పట్టిక వేసింది. పదహారో వారం, ఇరవై నాలుగో వారం, ఇరవై ఎనిమిదో వారం, తర్వాత పదిహేను రోజులకోసారి, చివరి నెలలో వారం వారం. ప్రపంచమంతా దశాబ్దాల పాటు ఇంచుమించు అదే పట్టికను నకలు చేసింది.

ఇక్కడే గట్టి అభ్యంతరం ఒకటి ఎదురవుతుంది. దాన్ని దాటవేస్తే వాదన నిలవదు. ఆ పట్టిక వచ్చాక కూడా ఇంగ్లండులో తల్లుల మరణాలు తగ్గలేదు. 1900లో ఎంత ఉన్నాయో 1930ల మొదట్లోనూ దాదాపు అంతే, పదివేల కాన్పులకు నలభై పైచిలుకు. 1935 తర్వాత ఒక్కసారిగా పడిపోయాయి. కారణం సల్ఫా మందులు, ఆపైన రక్తమార్పిడి, పెన్సిలిన్, క్షేమమైన సిజేరియన్. కాబట్టి ముందు చూడటం, చెప్పడం అంతా కాలక్షేపం, ప్రాణం కాపాడేది ఆసుపత్రే అని చరిత్రకారులు, ప్రజారోగ్య నిపుణులు చాలామంది తేల్చారు. సగం నిజం. కాన్పయ్యాక కుండపోతగా రక్తం పోయే ఆపదను ఏడో నెల పరీక్ష కచ్చితంగా పసిగట్టలేదు. అప్పుడు రక్షించేది ఆసుపత్రి, రక్తం, చేయి తిరిగిన వైద్యురాలు. అయితే ఆ లెక్క తల్లి చావు ఒక్కదాన్నే చూస్తుంది. కడుపులో చనిపోయే బిడ్డ, తక్కువ బరువుతో పుట్టే బిడ్డ, ధనుర్వాతంతో పోయే బిడ్డ ఆ లెక్కలోకి రారు. రెండో మాట ఇంకా ముఖ్యం. ఇంగ్లండు తల్లి ఒంట్లో ఉన్న రక్తమూ మన తల్లి ఒంట్లో ఉన్న రక్తమూ ఒకటి కాదు. హిమోగ్లోబిన్ పన్నెండు ఉన్న మనిషి తట్టుకునే రక్తస్రావానికి ఆరు ఉన్న మనిషి అక్కడికక్కడే ప్రాణం వదులుతుంది. ఆ ఆరును కాన్పు మంచం మీద పన్నెండు చేయలేం. దానికి నెలలు కావాలి.

ఈ సంగతిని సైన్సు భాషలో చెప్పిన కథ మన దేశంలోనే జరిగింది, దాని చివరి మజిలీ హైదరాబాదు. 1928లో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు వైద్యురాలు బొంబాయికి వచ్చి, మిల్లు కూలీ స్త్రీలకు గర్భంతో వచ్చే తీవ్ర రక్తహీనతను పరిశోధించింది. వాళ్లు తింటున్న తిండిలో ఏదో లోపం ఉందని అనుమానించి, 1931లో మార్మైట్ అనే చవక ఈస్టు ముద్దతో ఆ జబ్బు కుదురుతుందని చూపించింది. అందులో పనిచేసింది ఫోలిక్ ఆమ్లమని పదేళ్ల తర్వాత తెలిసింది. ఆమె కూనూర్‌లోనూ పనిచేసింది. అక్కడి పోషకాహార ప్రయోగశాల 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ అదే. గర్భిణికి ఇనుము, ఫోలిక్ ఆమ్లం ఇస్తే రక్తం పెరుగుతుందని, ఫోలిక్ ఆమ్లంతో బిడ్డ బరువూ పెరుగుతుందని ఆ సంస్థ పరిశోధకులే తేల్చారు. 1970లో కేంద్ర ప్రభుత్వం రక్తహీనత నివారణ పథకం మొదలుపెట్టి గర్భిణికి నూరు మాత్రలని లెక్క కట్టింది. పరిశోధన మన ఊళ్లో, మాత్ర మన ఊళ్లో, జబ్బు కూడా ఇంకా మన ఊళ్లోనే. ఇంతకన్నా వెక్కిరింత ఉండదు.

ఎక్కడ తప్పిందో తెలియాలంటే దేశ ఆరోగ్య ఏర్పాట్లను పరిశీలించిన భోర్ కమిటీ 1946 నాటి నివేదిక తిరగెయ్యాలి. కర్నూలులో పుట్టి మద్రాసులో ప్రసూతి వైద్యుడిగా పేరు తెచ్చుకున్న ఆర్కాటు లక్ష్మణస్వామి మొదలియారు ఆ కమిటీ సభ్యుడు. 1937లో బ్రిటిష్ ఇండియాలో పుట్టిన ప్రతి వెయ్యి మందిలో 162 మంది పిల్లలు ఏడాది నిండకుండానే పోయారని, ఏటా రెండు లక్షల మంది తల్లులు గర్భం వల్లా కాన్పు వల్లా చనిపోతున్నారని ఆ కమిటీ రాసింది. దేశంలో 47,500 మంది డాక్టర్లు, 7,000 మంది నర్సులు, 5,000 మంది శిక్షణ పొందిన మంత్రసానులు. ఇంటింటికీ వెళ్లి తల్లులకు ఆరోగ్యం గురించి చెప్పే హెల్త్ విజిటర్లు? 750 మంది. ముప్పై కోట్ల జనానికి! చెప్పేవాళ్ల పనికి ఆనాడు కట్టిన విలువ అది. తెలుగునాట ఆ లోటు కొంత పూడ్చింది పత్రికలు. 1928లో డాక్టర్ కె.ఎన్. కేసరి మద్రాసు నుంచి ‘గృహలక్ష్మి’ తెచ్చాడు. ఆయన కేసరి కుటీరం తయారుచేసిన స్త్రీల మందు లోధ్ర ఇంటింటి పేరయింది. మందు అమ్మకం, పత్రిక, ఆరోగ్య విషయాలు ఒకే చూరు కింద నడిచాయని పెదవి విరవవచ్చు. చదువుకున్న మధ్యతరగతి ఇంటి బయట ఆ పత్రిక చేరలేదన్నదీ నిజమే. అయినా ఆడవాళ్ల ఒంటి బాధలు గుసగుసలుగా కాక అచ్చులో మాట్లాడుకోవడానికి చోటు దొరికింది.

1952 నుంచి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు, వాటితో పాటు నర్సమ్మలు ఊళ్లకు వచ్చారు. వచ్చిన కొద్దికాలానికే వాళ్ల పని మారిపోయింది. కుటుంబ నియంత్రణ లక్ష్యాలు నెత్తినపడ్డాయి. నెలకు ఇన్ని ఆపరేషన్లు అని లెక్క. ఆ లెక్క తప్పితే జీతం మీదో బదిలీ మీదో దెబ్బ. గుమ్మం ముందు నర్సమ్మ కనిపిస్తే ఆపరేషనుకే వచ్చిందని ఆడవాళ్లు వెనక గుమ్మంలోంచి తప్పుకున్న కాలం అది. ఆమె ఇచ్చే ఎర్రటి ఇనుము మాత్ర పిల్లలు పుట్టకుండా చేసేదేమోనన్న అనుమానం కూడా ఆ కాలం బిడ్డే. 1996లో ఆ లక్ష్యాలను రద్దుచేశారు. పోయిన నమ్మకాన్ని ఉత్తర్వుతో వెనక్కి తేలేరు కదా.

అయినా ధనుర్వాతం ఎందుకు ఓడిపోయింది? 1980ల చివర దేశంలో ఏటా లక్షన్నర మందికి పైగా పసిపిల్లలు దానితో పోయేవారని అంచనా. పుట్టి నాలుగైదు రోజులు పాలు తాగిన బిడ్డ దవడ బిగుసుకుపోయి, ఒళ్లు విల్లులా వంగి చనిపోవడం చూడని ఊరు ఉండేది కాదు. తల్లికి గర్భంలో నెల తేడాతో రెండు టీటీ (ధనుర్వాత టీకా) సూదులు వేస్తే, ఆమె ఒంట్లో తయారైన రక్షణ మాయ గుండా బిడ్డకు చేరుతుంది. 1985లో సార్వత్రిక టీకా కార్యక్రమంతో ఇది ఊపందుకుంది. సూదితో పాటు వెళ్లిన మాట కూడా చిన్నది, కచ్చితమైనది. చేతులు కడుక్కో, కొత్త బ్లేడుతో కొయ్యి, శుభ్రమైన దారంతో కట్టు, బొడ్డు మీద ఏమీ అద్దకు. ఈ మాట మంత్రసానికీ చెప్పారు, తల్లికీ చెప్పారు, అమ్మమ్మకూ చెప్పారు. ఒక విషయం గట్టిగా గమనించాలి. 2003లో నిర్ధారణ జరిగే నాటికి మన రాష్ట్రంలో మూడో వంతుకు పైగా కాన్పులు ఇంకా ఇళ్లలోనే అవుతున్నాయి. అంటే ఈ విజయాన్ని పూర్తిగా ఆసుపత్రి ఖాతాలో వెయ్యలేం. కాన్పుకు ముందు వేసిన సూది, కాన్పుకు ముందు చెవిన వేసిన మాట కలిసి సాధించినది ఇది.

మాత్ర దగ్గర ఈ లెక్క కుదరలేదు. సూది నర్సమ్మ చేతిలో నిమిషం పని. మాత్ర మింగాల్సింది గర్భిణి, అదీ రోజూ, నూరు రోజులు, ఇప్పుడైతే నూట ఎనభై. వేవిళ్లతో నీళ్లు కూడా ఇమడని కడుపులో పడితే మళ్లీ వాంతి. మలం నల్లగా అవుతుంది. అది మామూలే అని ఎవరూ చెప్పకపోతే భయపడి మానేస్తుంది. మలబద్ధకం. పరగడుపున వికారమైతే అన్నం తిన్నాక వేసుకోమనాలి, టీతో వేసుకుంటే ఇనుము ఒంటికి పట్టదని చెప్పాలి, కాస్త నిమ్మరసం మంచిదనాలి. బిడ్డ లావెక్కి కాన్పు కష్టమవుతుందని అత్తగారు అంటే, ఆ అత్తగారిని కూడా కూర్చోబెట్టి మాట్లాడాలి. ఇదంతా పావుగంట పని. ఆ పావుగంటకు రిజిస్టరులో గడి లేదు. మాత్రలు ఇచ్చినట్టు రాయడానికి మాత్రం గడి ఉంది. కనుక మాత్రలు చీరకొంగుకు ముడిపడి ఇల్లు చేరి, గూట్లో పడి ఉంటాయి. 2019-21 సర్వేలో దేశం మొత్తం మీద నూట ఎనభై రోజులు మాత్రలు వాడిన తల్లులు 26 శాతం. దీనికి తోడు మన పుట్టింటి ఆచారం ఇంకో చిక్కు తెస్తుంది. ఏడో నెలలో మనిషి ఊరు మారుతుంది, మెట్టినూరి నర్సమ్మ మొదలుపెట్టింది పుట్టినూరి నర్సమ్మకు తెలియదు. చేతిలో ఉన్న కార్డు చూడాలన్న బుద్ధి ఇద్దరికీ ఉంటే తప్ప ఆ రెండు నెలలు గాలికే.

ఆకలితో ఉన్నవాళ్లకు పోషకాహార పాఠం చెప్పడం ఏం న్యాయం అని ఇంకో అభ్యంతరం. దీనికి తల వంచాల్సిందే. గుడ్డు కొనలేని ఇంట్లో గుడ్డు గొప్పతనం చెప్పడం అవమానం. వలసకాలపు నివేదికల చీత్కారం ఈనాటి కొన్ని ఉపన్యాసాల్లోనూ వినిపిస్తుంది. ఆ తప్పును దిద్దే ప్రయత్నం మన రాష్ట్రాల్లో జరగకపోలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2013లో వచ్చిన అమృతహస్తం, తెలంగాణలో 2015లో వచ్చిన ఆరోగ్యలక్ష్మి గర్భిణిని అంగన్‌వాడీలో కూర్చోబెట్టి పూట భోజనం, గుడ్డు, పాలు పెట్టి, అక్కడే మాత్ర మింగించాలన్నాయి. ఇది సరైన దిశ. అన్నం పెడుతూ చెప్పిన మాటకు ఉన్న బరువు కరపత్రానికి లేదు. కాని అన్నం ఒక్కటే చాలదనీ అదే అనుభవం చెబుతోంది. కేంద్రానికి రావడానికి అత్తింటివాళ్లు ఒప్పుకోకపోతే, కూలిపని వదులుకోలేకపోతే, కులం చూసి పక్కన కూర్చోకపోతే ఆ భోజనం పళ్లెం దాకా రాదు. వాటిని కదిలించేదీ మాటే.

వట్టి మాటకు బలం ఎంత అని అడిగేవాళ్లకు జార్ఖండ్, ఒడిశా గిరిజన గ్రామాల్లో ఏక్‌జుట్ సంస్థ 2005-08 మధ్య చేసిన ప్రయోగం చూపాలి. డాక్టరు లేడు, మందు పంచలేదు. ఊళ్లోనే ఉన్న ఒక మహిళ నెలకోసారి ఆడవాళ్లను కూర్చోబెట్టి, మన పిల్లలు ఎందుకు పోతున్నారు, మనం ఏం చేయగలం అని కథలతో, బొమ్మలతో మాట్లాడించింది. మూడేళ్లలో నెల లోపు శిశుమరణాలు ఆ గ్రామాల్లో మిగతా గ్రామాలకంటే 32 శాతం తక్కువ. విచిత్రమేమిటంటే ఆసుపత్రికి వెళ్లేవాళ్ల సంఖ్య పెద్దగా పెరగలేదు. మారింది ఇంట్లో చేసే పని. చేతులు కడుక్కోవడం, బొడ్డు శుభ్రంగా కోయడం, బిడ్డకు తల్లిపాలు పట్టడం. తల్లుల్ని విద్యార్థుల్లా బెంచీల మీద కూర్చోబెట్టి ఉపన్యాసం ఇచ్చి ఉంటే ఈ ఫలితం వచ్చేదా? నాకు నమ్మకం లేదు. అక్కడ ప్రశ్నలు వేసింది తల్లులు, జవాబులు వెతికిందీ తల్లులే.

చివరి అభ్యంతరం నేటిది. ఇప్పుడు తెలుగు రాష్ట్రాల్లో నూటికి తొంభై ఆరు, తొంభై ఏడు కాన్పులు ఆసుపత్రుల్లోనే, ఇంకా ఈ గొడవంతా ఎందుకు అని. ఆసుపత్రుల వల్ల మేలు జరగలేదని ఎవరూ అనరు. 2001-03లో ఉమ్మడి రాష్ట్రంలో లక్ష జననాలకు 195 ఉన్న తల్లుల మరణాలు 2018-20 నాటికి ఆంధ్రలో 45కి, తెలంగాణలో 43కి దిగాయి. కాని అదే ఆసుపత్రులు ఇంకో లెక్కనూ చూపిస్తున్నాయి. 2019-21 సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి అరవైకి పైగా, ఆంధ్రలో నలభై రెండు కాన్పులు కోత పెట్టినవే. అందులో డాక్టర్ల తొందర ఉంది, ప్రైవేటు ఆసుపత్రుల ఆదాయం ఉంది, ముహూర్తాల పిచ్చి ఉంది. వీటన్నిటి కిందా నొప్పులంటే ఏమిటో, ఎంతసేపుంటాయో, ఎప్పుడు భయపడాలో ఎప్పుడు పడనక్కర్లేదో తొమ్మిది నెలల్లో ఎవరూ చెప్పని ఆడపిల్ల ఉంది. తెలియని భయంతో ఆమే, ఆమె తల్లే కోత అడుగుతున్నారు. స్కానింగులు ఐదారు అవుతున్నాయి. ఒక్కసారి పావుగంట కూర్చుని మాట్లాడేవాళ్లు లేరు. తెలంగాణ ప్రభుత్వం 2017లో నర్సులకు ఏడాదిన్నర మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టింది. నూరేళ్ల పాటు మురికిదని తిట్టి మంత్రసానిని ఇంట్లోంచి పంపేశాక, గర్భం నుంచి కాన్పు దాకా పక్కనే ఉండి మాట్లాడే మనిషి కావాలని ఆసుపత్రికి ఇప్పుడు తెలిసొచ్చింది.

అలాంటి మనిషి అందరికీ దొరికేలోగా మనం చేయగలిగిందీ ఒకటి ఉంది. ప్రతి నెలా తొమ్మిదో తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు ప్రత్యేక పరీక్షలు ఉంటాయి, పైసా ఖర్చు లేదు. మీ ఇంట్లోనో పక్కింట్లోనో గర్భిణి ఉంటే ఆ రోజు తోడుగా వెళ్లండి, వీలైతే అత్తగారినీ భర్తనూ వెంటబెట్టుకుని. హిమోగ్లోబిన్ ఎంతుందో, బీపీ ఎంతుందో అడిగి కార్డులో రాయించండి. మాత్రలు చేతిలో పెట్టి పొమ్మంటే కదలకుండా, ఎలా వాడాలో చెప్పమని అడగండి.